పెసరపప్పు పూర్ణంతో హోపియా: ఫిలిప్పీన్స్ పొరల పేస్ట్రీ ఇంట్లో చేసుకునే పద్ధతి

అరచేతిలో ఇమిడే గుండ్రటి బిళ్ల. పైన పొరలు పొరలుగా రాలే మైదా తొడుగు, లోపల తియ్యటి పెసరపప్పు ముద్ద. ఫిలిప్పీన్స్‌లో దీన్ని హోపియా అంటారు. చైనాలోని ఫుజియాన్ ప్రాంతం నుంచి వలస వచ్చినవాళ్లు తమతో తెచ్చిన తిండి ఇది. వాళ్ల హొక్కియెన్ భాషలో ఆ మాటకు అర్థం 'మంచి బిళ్ల' అని. మనీలాలోని బినోండో 1594లో ఏర్పడిన చైనా పేట. ఇప్పటికీ హోపియా అనగానే అక్కడివాళ్లకు ముందు గుర్తొచ్చేది ఆ పేటే. ఊరెళ్లి తిరిగొచ్చేటప్పుడు ఇంట్లోవాళ్ల కోసం ఏదో ఒకటి పట్టుకెళ్లే అలవాటు ఫిలిప్పీన్స్‌లోనూ ఉంది. దాన్ని పసలుబోంగ్ అంటారు. ఆ సంచుల్లో హోపియా డబ్బా తరచూ కనిపిస్తుంది. అక్కడ వైద్యవిద్య చదివిన మన పిల్లల్లో చాలామందికి దీని రుచి తెలిసే ఉంటుంది.

బొబ్బట్లు చేసే చేతులకు ఇందులో సగం పని ముందే వచ్చు. పప్పు ఉడికించి పూర్ణం చేయడం, ఉండ మధ్యలో పెట్టి మూయడం, చిరగకుండా నొక్కడం అన్నీ తెలిసినవే. కొత్తగా నేర్చుకోవాల్సింది పొరలు తీయడం. తాపేశ్వరం మడత కాజా పొరలు ఎలా వస్తాయో చూసినవాళ్లకు అదీ త్వరగానే పట్టుబడుతుంది. మొదటే ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. హోపియాలో రెండు పిండులుంటాయి. ఆ రెండింటి మెత్తదనం ఒక్కలా ఉంటే పొరలు వస్తాయి, తేడా ఉంటే రావు. మిగతా పొరపాట్లను చాలావరకు సర్దుకోవచ్చు, దీన్ని మాత్రం మధ్యలో సరిచేయలేం.

ఈ కొలతలకు 24 హోపియాలు వస్తాయి. ఒక్కోటి సుమారు 58 గ్రాములు: తొడుగు 30, పూర్ణం 28. చెంచాలు, కప్పులు పక్కనపెట్టి వంటింటి కాటా వాడండి. కప్పు మైదాను ఒకరు గుచ్చి తీస్తారు, ఇంకొకరు జల్లించి పోస్తారు. అంత తేడా వస్తే ఈ పిండి నిలవదు.

పూర్ణం: ముందురోజే చేసుకోండి

పొట్టు తీసిన పెసరపప్పు 250 గ్రాములు, పంచదార 175 గ్రాములు, నెయ్యి లేదా వాసన లేని నూనె 60 గ్రాములు, ఉప్పు పావు చెంచా. అసలు సంప్రదాయంలో ఇక్కడ వాడేది పంది కొవ్వు. శాకాహారులు ఫిలిప్పీన్స్ వెళ్లినప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. పెసర హోపియా అని రాసున్నా తొడుగులో పంది కొవ్వు ఉండే అవకాశం ఎక్కువ, అడిగి తినడం మేలు.

పప్పును నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి నాలుగు గంటలు నానబెట్టండి. తర్వాత కుక్కర్ జోలికి వెళ్లకండి. కుక్కర్‌లో పెసరపప్పు నీళ్లు పీల్చుకుని జావలా అవుతుంది. ఆ నీళ్లన్నీ ఆవిరయ్యేదాకా కలుపుతూ కూర్చుంటే అడుగంటి రంగు మారుతుంది. నానిన పప్పును జల్లెడలో పదిహేను నిమిషాలు వంచి ఉంచండి. ఇడ్లీ పాత్రలో పలచని గుడ్డ పరిచి, దాని మీద పప్పు పోసి 25 నుంచి 30 నిమిషాలు ఆవిరి పట్టండి. రెండు వేళ్ల మధ్య నలిపితే పలుకు లేకుండా పిండైపోవాలి. ఆవిరిమీద ఉడికిన పప్పు పొడిపొడిగా ఉంటుంది, దానివల్ల మూకుడు దగ్గర పని సగానికి తగ్గుతుంది.

వేడి మీదే పప్పుగుత్తితో మెదపండి. మరీ నున్నగా కావాలంటే మిక్సీలో నీళ్లు పోయకుండా తిప్పండి. అక్కడక్కడా చిన్న పలుకు తగిలితేనే బాగుంటుందని మా అభిప్రాయం. అంగడి హోపియాలో పూర్ణం మైనంలా నున్నగా ఉంటుంది, ఇంటి హోపియా అలా ఉండక్కర్లేదు.

అడుగు మందంగా ఉన్న మూకుడులో మెదిపిన పప్పు, పంచదార, ఉప్పు వేసి సన్నటి సెగ మీద కలపండి. పంచదార కరగగానే ముద్ద జారుగా అవుతుంది. కంగారుపడి మంట పెంచకండి. నాలుగైదు నిమిషాలకు మళ్లీ బిగుస్తుంది. అప్పటి నుంచి నెయ్యిని మూడు విడతలుగా వేయండి, ఒక విడత పూర్తిగా ఇంకాకే తర్వాతది. మొత్తం మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది.

దించాల్సిన సమయం తెలుసుకోవడానికి గరిటెను మూకుడు అడుగున ఒక గీతలా లాగండి. ఆ గీత మూడు లెక్కపెట్టేదాకా పూడుకోకుండా ఉండాలి, ముద్ద అంచులు వదిలి గరిటెకు అంటుకుని తిరగాలి. ఇంకో కచ్చితమైన దారీ ఉంది. ఖాళీ మూకుడు బరువు ముందే చూసి రాసిపెట్టుకోండి. ముద్ద 700 గ్రాములకు దగ్గరకు వచ్చినప్పుడు దించండి. 750 దగ్గర దించితే తడి మిగులుతుంది. 650 కన్నా తగ్గితే చల్లారాక పగుళ్లు తీస్తుంది. అలా ఎండిపోయిందనిపిస్తే చెంచాడు వేడి నీళ్లు చల్లి కలపండి, సరిపోతుంది.

బొబ్బట్ల పూర్ణం కన్నా ఇది గట్టిగా ఎందుకుండాలి? బొబ్బట్టు పెనం మీద రెండు మూడు నిమిషాలే ఉంటుంది, పలచగా ఉంటుంది, ఆవిరి ఎటైనా పోతుంది. హోపియా మూసిన తొడుగులో అరగంట కాలుతుంది. పూర్ణంలో తడి ఉంటే అది ఆవిరై ఉబ్బి, బలహీనంగా ఉన్న చోట తొడుగును చీల్చుకుని బయటకొస్తుంది. పగిలిన హోపియాల్లో ఎక్కువ వాటికి కారణం ఇదే.

పళ్లెంలో పరిచి, పైన తడి గుడ్డ కాకుండా పొడి గుడ్డ కప్పి చల్లార్చండి. పూర్తిగా చల్లారాక 28 గ్రాముల ఉండలు చేసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాటికి ఉండలు గట్టిపడి, పిండిలో మూయడం తేలికవుతుంది.

రెండు పిండులు

మొదటిది నీళ్ల పిండి. మైదా 250 గ్రాములు, పంచదార పొడి 25, ఉప్పు 3, నెయ్యి లేదా వనస్పతి 80, చల్లని నీళ్లు 110 మిల్లీలీటర్లు. మన బజారులో దొరికే మైదా ఒక్కో బ్రాండు ఒక్కోలా నీళ్లు తాగుతుంది. ముందు 100 పోసి, మిగతాది చూసుకుంటూ వేయండి. పొడి సరుకులో నెయ్యి రుద్ది, నీళ్లు పోసి, ఎనిమిది పది నిమిషాలు గట్టిగా మర్దించండి. ముద్ద నున్నగా, చెవి తమ్మెను పట్టుకున్నంత మెత్తగా ఉండాలి. ప్లాస్టిక్ కవరు చుట్టి 30 నిమిషాలు వదిలేయండి.

రెండోది నెయ్యి పిండి. మైదా 180 గ్రాములు, నెయ్యి లేదా వనస్పతి 90 గ్రాములు. నీళ్లు చుక్క కూడా వద్దు. అరచేతి మడమతో పీట మీద ముందుకు తోస్తూ రుద్దండి. మొదట ఇసుకలా పొడిపొడిగా ఉంటుంది. మూడు నాలుగు నిమిషాలకు చేతి వేడికి ముద్ద కడుతుంది. ముద్ద కట్టగానే ఆపేయండి.

ఈ రెండూ వేరువేరుగా ఎందుకంటే, నీళ్లు తగిలిన మైదాలో సాగే గుణం పుడుతుంది. నీళ్లు తగలని, నెయ్యి పట్టిన మైదాలో అది పుట్టదు. సాగే పిండి పొరగా నిలుస్తుంది, సాగని పిండి రెండు పొరల మధ్య అడ్డుగా ఉండి వాటిని అతుక్కోనివ్వదు. ఓవెన్‌లో నీళ్ల పిండిలోని తడి ఆవిరై పొరలను విడదీస్తుంది.

ఏ కొవ్వు వాడాలన్నది రుచిని, పనిని రెండింటినీ మారుస్తుంది. పంది కొవ్వుతో పొరలు చాలా పెళుసుగా వస్తాయి, సంప్రదాయ రుచీ అదే. నెయ్యి వాసన పెసరపప్పుకు బాగా అతుకుతుంది గానీ, ఎండాకాలంలో విజయవాడలోనో రామగుండంలోనో నెయ్యి గిన్నెలోనే కరిగి నూనె అవుతుంది. అటువంటి రోజున నెయ్యి పిండి ముద్దను 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. వనస్పతి అంత త్వరగా కరగదు, మొదటిసారి చేసేవాళ్లకు అదే తేలిక. సగం నెయ్యి, సగం వనస్పతి కలిపి వాడితే వాసనా నిలుస్తుంది, పనీ సాగుతుంది. వెన్న మాత్రం నేరుగా వాడకండి. అందులో దాదాపు ఆరో వంతు నీరే, అది నెయ్యి పిండి గుణాన్ని చెడగొడుతుంది.

ఇప్పుడు మొదట చెప్పిన మెత్తదనానికి పరీక్ష. రెండు ముద్దలనూ పక్కపక్కన పెట్టి, రెండు బొటనవేళ్లతో ఒకేసారి నొక్కండి. వేళ్లు ఒకే లోతుకు, ఒకే తేలికతో దిగాలి. నెయ్యి పిండి గట్టిగా ఉంటే, కర్ర కింద అది ముక్కలై నీళ్ల పిండిని గుచ్చి బయటకు పొడుచుకొస్తుంది. అలాగైతే అయిదు నిమిషాలు బయట ఉంచి మళ్లీ రుద్దండి. మరీ మెత్తగా ఉంటే కర్ర కింద పక్కలకు జారిపోతుంది, లేదా నీళ్ల పిండిలో ఇంకిపోయి రెండూ ఒకటే ముద్ద అవుతాయి. అప్పుడు ఫ్రిజ్‌లో పది నిమిషాలు. ఈ పరీక్షకు అర నిమిషం పడుతుంది, దాన్ని దాటేసి ముందుకెళ్లవద్దు.

పొరలు తీయడం

నీళ్ల పిండిని 19 గ్రాముల చొప్పున 24 ఉండలుగా, నెయ్యి పిండిని 11 గ్రాముల చొప్పున 24 ఉండలుగా చేసుకోండి. పని చేస్తున్నంతసేపూ మిగతా ఉండల మీద కవరు కప్పి ఉండాలి. పైన గాలి తగిలి పెచ్చు కట్టిన ఉండ తర్వాత ఎంత ఒత్తినా చిరుగుతుంది.

ఒక నీళ్ల పిండి ఉండను అరచేతిలో చిన్న పూరీలా వత్తి, మధ్యలో నెయ్యి పిండి ఉండ పెట్టి, అంచులు పైకి తెచ్చి గట్టిగా మూయండి. 24 మూసేసరికి మొదటిదానికి పది నిమిషాల విశ్రాంతి దొరికి ఉంటుంది. దానితోనే మొదలుపెట్టండి. చివరిదాకా ఇదే వరుస పాటిస్తే విడిగా గడియారం చూసుకునే పని తగ్గుతుంది.

మూసిన చోటు పైకి ఉండేలా ఉండను పీట మీద పెట్టి, అరచేత్తో కొంచెం నొక్కండి. అప్పడాల కర్రను మధ్యలో ఆనించి పై అంచు దాకా ఒక్కసారి, మళ్లీ మధ్య నుంచి కింది అంచు దాకా ఒక్కసారి తిప్పండి. చపాతీ ఒత్తినట్టు ముందుకూ వెనక్కూ రుద్దకూడదు. అలా రుద్దితే లోపలి నెయ్యి పిండి ఒక వైపుకు తోసుకుపోతుంది. 12 నుంచి 14 సెంటీమీటర్ల పొడవున నాలుకలా సాగాక, కింది అంచు నుంచి చాప చుట్టినట్టు వదులు లేకుండా చుట్టండి. 24 చుట్టలూ అయ్యాక కవరు కప్పి 15 నిమిషాలు ఆగండి.

రెండో విడతలో చుట్టను నిలువుగా, చివర మీ వైపు ఉండేలా పెట్టి, కర్రతో మళ్లీ పొడవుగా ఒత్తండి. ఈసారి పట్టీ సన్నగా, 18 సెంటీమీటర్ల దాకా వస్తుంది. మళ్లీ చుట్టండి. ఇప్పుడు చేతికొచ్చేది పొట్టిగా, లావుగా, చిన్న పీపాలా ఉంటుంది. దాని పక్క వైపు చూస్తే నత్తగుల్ల మీది సుడిలా తెల్లటి గీతలు ఒకదానిలో ఒకటి కనిపించాలి. గీతలు విడివిడిగా కనిపిస్తే పొరలు వచ్చినట్టే. అంతా ఒకే తెలుపుగా, నూనె మెరుపుతో ఉంటే కొవ్వు కరిగిపోయింది. మిగతావాటినైనా వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి కాపాడుకోండి. ఈ విడత తర్వాత 20 నిమిషాల విశ్రాంతి ఇవ్వండి.

ఒత్తేటప్పుడు పట్టీ వెనక్కి ముడుచుకుంటుంటే బలం పెంచకండి. పిండికి ఇంకా విశ్రాంతి కావాలని అర్థం. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి అందుకోండి, పది నిమిషాల్లో అదే లొంగుతుంది. బలవంతంగా ఒత్తితే లోపలి పొరలు చిరిగి, కాలాక హోపియా బిస్కెట్టులా కరకరలాడుతుంది గానీ పొరలు విడివడవు.

ఇంత ఓపిక లేని రోజున ఒకేసారి పెద్దగా చేసే పద్ధతి ఉంది. ఫిలిప్పీన్స్ ఇళ్లలో చాలామంది చేసేది ఇదే. నెయ్యి పిండిలో కొవ్వును 100 గ్రాములకు పెంచి, పూసేంత మెత్తగా చేసుకోండి. నీళ్ల పిండిని రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని 20కి 30 సెంటీమీటర్ల దీర్ఘచతురస్రంగా ఒత్తండి. అంచు ఒక సెంటీమీటరు వదిలి సగం నెయ్యి పిండిని పూసి, ఉత్తరంలా మూడు మడతలు పెట్టి 20 నిమిషాలు ఉంచండి. మళ్లీ అదే కొలతకు ఒత్తి, పొడవు వైపు నుంచి చుట్టి, 2.5 సెంటీమీటర్ల చొప్పున 12 ముక్కలు కోయండి. రెండో భాగానికీ ఇంతే. పొరలు కాస్త మందంగా, అక్కడక్కడా హెచ్చుతగ్గులుగా వస్తాయి, రుచికి లోటేమీ ఉండదు. పొరల అందం మాత్రం విడివిడిగా చుట్టినవాటిలోనే ఉంటుంది.

నింపడం

చుట్ట మధ్యలో బొటనవేలితో నొక్కి, రెండు చివరలనూ పైకి తెచ్చి కలిపి ఉండలా చేయండి. కలిపిన చోటు పైకి ఉంచి 8 నుంచి 9 సెంటీమీటర్ల బిళ్లగా ఒత్తండి. మధ్యలో మందం, అంచుల్లో పలచన ఉండాలి. అంచులన్నీ ఒక చోటికి చేరతాయి కాబట్టి ముందే పలచగా లేకపోతే అడుగున ముద్దగా పిండి మిగిలి పచ్చిగా ఉండిపోతుంది.

పూర్ణం ఉండను మధ్యలో పెట్టి, ఒక చేతి బొటనవేలితో పూర్ణాన్ని లోపలికి నొక్కుతూ, రెండో చేతి చూపుడువేలు, బొటనవేలి మధ్య బిళ్లను తిప్పుతూ అంచును పైకి జరపండి. కొద్దికొద్దిగా మూసుకొస్తుంది. చివరికి గట్టిగా చిటికెతో పిండి, తిప్పి నొక్కండి. అంచుకు పూర్ణం గానీ నెయ్యి గానీ అంటితే అక్కడ పిండి అతుక్కోదు. వేలు నీళ్లలో ముంచి తుడిచి అప్పుడు మూయండి.

మూసిన వైపు కిందికి పెట్టి, అరచేత్తో 5.5 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం వచ్చేలా మెల్లగా నొక్కండి. మీద గాని పక్కన గాని గాలి బుడగ కనిపిస్తే పుల్లతో ఒక్క పోటు పొడవండి.

కాల్చడం

ఓవెన్‌ను 180 డిగ్రీల సెల్సియస్‌కు కనీసం 15 నిమిషాలు ముందే వేడి చేయండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 165 నుంచి 170 చాలు. చిన్న ఓటీజీల్లో కింది రాడ్ ట్రేకు చాలా దగ్గరగా ఉంటుంది, అడుగు మాడేది అందుకే. ట్రేను మధ్య అరలో పెట్టండి, అయినా మాడుతుంటే కింద ఇంకో ట్రే జోడించండి. బటర్ పేపర్ పరిచి, ఒక్కోదాని మధ్య మూడు సెంటీమీటర్ల ఎడం ఉంచండి. 24 ఒకేసారి పట్టకపోతే రెండో వాయిని ఫ్రిజ్‌లో ఉంచండి, బయట ఉంచితే కొవ్వు కరిగి పొరలు అతుక్కుంటాయి.

మొదటి 15 నిమిషాలు మూసిన వైపు కిందికి ఉండాలి. ఆ బరువుకు, వేడికి అతుకు బిగుస్తుంది. తర్వాత ఒక్కోదాన్నీ తిరగేసి, ఇంకో 8 నుంచి 10 నిమిషాలు. ఇలా తిరగేయడం వల్లే హోపియాకు రెండు వైపులా చదునైన, ఎర్రగా కాలిన ముఖం వస్తుంది. చివరిగా మళ్లీ తిప్పి, పై ముఖానికి గుడ్డు పచ్చసొన ఒకటి, చెంచాడు నీళ్లు కలిపి కుంచెతో పలచగా రాసి మరో 5 నిమిషాలు ఉంచండి. గుడ్డు వద్దనుకుంటే చిక్కటి పాలు రాయండి, మెరుపు తగ్గుతుంది గానీ రంగు వస్తుంది. పక్కలకు రాయకండి. ఎండిన సొన పొరలను అతికించేస్తుంది, పక్కన పొరలు విచ్చుకుని కనబడటమే హోపియా అందం.

అయిందో లేదో రంగును బట్టి చెప్పడం కష్టం. పక్కను వేలితో తాకి చూడండి. పొడిగా, గట్టిగా ఉండి, చిన్నగా నొక్కితే పెచ్చు కదలాలి. మెత్తగా దిగితే లోపలి పొరలు ఇంకా పచ్చివే. అప్పుడు 160కి తగ్గించి అయిదారు నిమిషాలు పొడిగించండి. వేడి పెంచితే పైన మాడుతుంది తప్ప లోపలకు చేరదు.

ఓవెన్ లేనివాళ్లు మందపాటి పెనం వాడవచ్చు. బాగా సన్నటి సెగ మీద, నూనె వేయకుండా, ఒక్కో వైపు 6 నుంచి 7 నిమిషాలు మూత పెట్టి, తర్వాత మూత తీసి రెండు వైపులా ఇంకో మూడేసి నిమిషాలు కాల్చండి. పక్కలను పెనానికి ఆనించి దొర్లించండి. ఫిలిప్పీన్స్‌లో పాచికలా నలుచదరంగా చేసే హోపియా రకం ఒకటుంది. దాన్ని పెనం మీదే, ఆరు ముఖాలనూ ఒక్కొక్కటిగా ఆనించి కాలుస్తారు.

తీసిన వెంటనే జాలీ మీద పెట్టి గంటసేపు చల్లార్చండి. వేడి మీద కొరికితే పూర్ణం నోరు కాలుస్తుంది, పొరలూ మెత్తగా అనిపిస్తాయి. చల్లారేకొద్దీ పెళుసుదనం వస్తుంది.

ఇంకో రెండు పూర్ణాలు

ఫిలిప్పీన్స్‌లో పెసరతో పాటు బాగా అమ్ముడయ్యే రకం హోపియాంగ్ బాబొయ్. బాబొయ్ అంటే పంది అని అర్థం, అయినా లోపల ఉండేది మాంసం ముక్కలు కాదు. కుండోల్ అనే కాయను పంచదార పాకంలో ఊరబెట్టి, ఉల్లికాడలు, పంది కొవ్వు కలిపి చేస్తారు. కుండోల్ అంటే మనం వడియాలు పెట్టే బూడిద గుమ్మడికాయే. అదే కాయతో చేసే ఆగ్రా పేటా మనకు మిఠాయి దుకాణాల్లో దొరుకుతుంది కాబట్టి ఇది ఇక్కడ చేయడం సులువు. పాకం లేని పొడి పేటా 300 గ్రాములు తీసుకోండి, కేసరి, రోజ్ వాసనలు వేసినది వద్దు. పైన అంటిన పంచదార కడిగి, తుడిచి, శనగబద్దలంత ముక్కలు కోయండి. మైదా 130 గ్రాములను పచ్చివాసన పోయేదాకా సన్నసెగన ఎనిమిది నిమిషాలు వేయించి పెట్టుకోండి. 90 గ్రాముల కొవ్వు కాగనిచ్చి, సన్నగా తరిగిన ఉల్లికాడలు 40 గ్రాములు నిమిషం వేయించి, పేటా, పంచదార 60 గ్రాములు, ఉప్పు 4 గ్రాములు, నీళ్లు 80 మిల్లీలీటర్లు వేయండి. ఉడుకు రాగానే మైదా, వేయించిన నువ్వులు 20 గ్రాములు కలిపి, ముద్ద కట్టేదాకా మూడు నాలుగు నిమిషాలు తిప్పండి. తీపిలో ఉల్లికాడ వాసన ఏమిటని సందేహం వద్దు. ఆ ఉప్పూ తీపీ కలిసిన రుచే దీని ప్రత్యేకత, ఉల్లికాడలు తగ్గిస్తే ఇది ఉత్త పేటా బిళ్ల అవుతుంది.

ఊదా రంగు ఊబె హోపియా ఈ కాలపుది. బినోండోలో 1912 నుంచి ఉన్న ఎంగ్ బీ టిన్ దుకాణం 1980ల్లో దీన్ని జనంలోకి తెచ్చింది. ఊబె అంటే మన పెండలం జాతి దుంపే, రంగు ఊదా. ఊదా చిలగడదుంప వేరు, దానిలో తడీ తీపీ ఎక్కువ. అదే దొరికితే పంచదార మానేసి, ఎక్కువసేపు దగ్గరపడనివ్వండి. తొక్కతో ఆవిరిమీద ఉడికించి, ఒలిచి తురిమిన ఊబె 450 గ్రాములు, కండెన్స్‌డ్ మిల్క్ 200, వెన్న 50, పంచదార 50 గ్రాములు, చిటికెడు ఉప్పు కలిపి, 670 గ్రాములకు వచ్చేదాకా సన్నసెగన కలపండి. ఇక్కడ వెన్న వాడినా ఇబ్బంది లేదు, అందులోని నీరు మూకుడులోనే పోతుంది. ఇది పెసర పూర్ణం కన్నా జిగటగా ఉంటుంది కాబట్టి ఉండలు చేసేటప్పుడు చేతికి నెయ్యి రాసుకుని, మూసేముందు ఆ చేయి శుభ్రంగా తుడుచుకోండి.

తప్పు ఎక్కడ జరిగిందో చూసుకోవడానికి

పూర్ణం కారి ట్రేకు అంటితే అతుకును చూడండి. అతుకు దగ్గర విడిపోతే అంచుకు నెయ్యి అంటింది. పక్కనో మీదో పగిలితే పూర్ణంలో తడి ఉంది, లేదా తొడుగు ఆ చోట మరీ పలచన. కొరికినప్పుడు పూర్ణానికీ తొడుగుకూ మధ్య ఖాళీ గది కనబడితే, మూసేటప్పుడు లోపల గాలి మిగిలింది. బొటనవేలితో పూర్ణాన్ని లోపలికి నొక్కే పని సరిగా జరగలేదన్నమాట.

తొడుగు రాయిలా గట్టిగా ఉంటే నీళ్ల పిండిలో నీళ్లో కొవ్వో తగ్గింది, లేదా పైన చల్లిన పొడి మైదా ఎక్కువైంది. పీటకు అంటుతుందని మైదా చల్లవద్దు. చుక్క నూనె రాయండి. పొడి మైదా పొరల మధ్య చేరి కాలాక నాలుకకు పిండిగా తగులుతుంది. తొడుగు ఇసుకలా రాలిపోతూ పొరలే లేకపోతే రెండు పిండులూ కలిసిపోయాయి. బొటనవేళ్ల పరీక్ష దగ్గరికి వెళ్లండి.

మర్నాడు మెత్తబడితే రెండు కారణాలుంటాయి: వేడిగా ఉండగానే డబ్బాలో పెట్టడం, లేదా చివర్లో ఓవెన్ నుంచి తొందరగా తీయడం. మొదటి రోజు పూర్ణం తడి కొంత తొడుగులోకి దిగడం మాత్రం మామూలే. పొరలు కాస్త నెమ్మదిస్తాయి, పూర్ణం తొడుగు ఒకదానికొకటి పడతాయి. రెండో రోజు హోపియానే ఇష్టపడేవాళ్లు ఎక్కువ.

పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో, మధ్య మధ్య బటర్ పేపర్ వేసి పేర్చితే నాలుగు రోజులుంటాయి. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు తేమలో మూడు రోజులకే తినేయండి. ఊబె రకానికి పాలు తగిలాయి కాబట్టి రెండో రోజు నుంచి ఫ్రిజ్‌లో ఉండాలి. కాల్చనివి ట్రేలో గడ్డకట్టించి, సంచిలో వేసి ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలలు ఆగుతాయి. కరగనివ్వకుండా నేరుగా ఓవెన్‌లో పెట్టి, మొదటి విడతకు 5 నిమిషాలు కలపండి. మెత్తబడ్డవాటిని 150 డిగ్రీల దగ్గర 8 నిమిషాలు వేడిచేస్తే పెళుసుదనం తిరిగొస్తుంది. మైక్రోవేవ్ వద్దు, అందులో తొడుగు తోలులా సాగుతుంది.